నీటి నడుమ బాట

గుంతకల్లులో పుట్టి పెరిగిన బాలునకు రైలుకూత నిత్యపరిచితము. సముద్రఘోష యన్ననో పుస్తకములలో చదువుకొన్న మాట. మా ఊరు సముద్రమట్టమునకు నాలుగు వందల మీటర్లకు పైగా ఎత్తున నున్నది. నల్లరేగడి చేలు, వేరుసెనగ పొలములు, రాతిగుట్టలు, ఇసుక తేలిన వంకలు మా కన్నుల కలవాటైన దృశ్యములు. అనంతపురము సీమలో సంవత్సరమునకు సగటున పడు వర్షము సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. ఆ కొద్దిపాటి వానయు కొన్ని యేండ్లు ముఖము చాటువేయును. బిందెడు నీటికై తల్లులు గంటలకొలది కాచుకొనియుండుట మా పిల్లలు ఎరిగిన విషయమే.

ఇట్టి ఊరి బాలుర నొకమారు సముద్రతీరమునకు తీసికొనిపోవలెనను కోరిక నాకు చిరకాలముగా నుండెడిది. నేను ప్రధానోపాధ్యాయుడుగా నున్న కాలమున, ఒక జనవరి మాసములో, ఆ కోరిక నెరవేరినది. మేము పోయినది గొప్ప నగరమునకు గాదు. సూళ్లూరుపేట నుండి శ్రీహరికోటకు పులికాటు సరస్సు మీదుగా పోవు బాటను చూడబోతిమి. ఆంధ్రదేశమున తీరము వెంబడి అందమైన బాటలు పెక్కు కలవు. విశాఖపట్టణము నుండి భీమునిపట్టణమునకు పోవు బాట అట్టి వానిలో ప్రసిద్ధమైనది. కాని కుడియెడమల నీరును, ఆ నీటిలో వేలకొలది పక్షులును కనుపించు బాటను చూడవలెనన్నచో పులికాటునకే పోవలెను. బాలలారా! ఆ ప్రయాణమున మేము చూచినదియు, తెలిసికొన్నదియు మీకు చెప్పెదను.

రాత్రి గుంతకల్లులో రైలెక్కితిమి. గుత్తి, తాడిపత్రి, ఎఱ్ఱగుంట్ల, కడప, రాజంపేట మీదుగా మూడు వందల కిలోమీటర్లకు పైగా సాగి రేణిగుంట చేరితిమి. అచ్చట నుండి బస్సులో శ్రీకాళహస్తి, నాయుడుపేట దాటి తూర్పుగా పోయితిమి. పోనుపోను నేల రంగు మారినది. చెరువులు నిండుగా నుండెను. వరిమళ్లు పచ్చగా నుండెను. మా బాలురు కిటికీల కంటుకొనిపోయి, కనబడిన చెరువునెల్ల లెక్కింపసాగిరి. ఇరువది దాటిన పిదప లెక్క తప్పినది.

అప్పుడొక బాలుడు, “అయ్యా! మనకు లేని వాన వీరికెట్లు వచ్చినది?” అని యడిగెను. మంచి ప్రశ్న! దానికి సమాధానము చెప్పినగాని తక్కిన కథ బోధపడదు.

మన దేశమునకు వానలు రెండు తడవలుగా వచ్చును. జూను నుండి సెప్టెంబరు వరకు నైరృతి ఋతుపవనములు అరేబియా సముద్రము మీదుగా వీచును. పడమటి కనుమలు వాని కడ్డముగా నిలుచుటచే మేఘములు తమ భారమును చాలవరకు అచ్చటనే దించుకొని, తేలికపడి, మన పీఠభూమి మీదికి వచ్చును. కొండ వెనుక నున్నవారికి కొండ నీడయే మిగులునట్లు, మనకు మిగిలినది వాననీడ. అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనములు బంగాళాఖాతము నుండి వీచును. ఇవి ముందుగా నెల్లూరు, సూళ్లూరుపేట ప్రాంతములను తాకును. ఆ సీమకు ఏడాది వానలో సగమునకు పైగా ఈ కాలముననే పడును. అవి మన దాక వచ్చునప్పటికి బలహీనమగును. అందుచే మన చెరువులు ఎండియున్న దినములలో వారి చెరువులు నిండియుండును.

ఈ రహస్యము మనకంటె పక్షులకు బాగుగా తెలియును. చెరువు నిండినచో చేపలు పెరుగును. చేపలు పెరిగినచో పిల్లలకు మేత దొరకును. కావున అవి వానల ననుసరించి తావు నెన్నుకొని, నీరు నిండు వేళకు గూళ్లు కట్టును.

అట్లు గూళ్లు కట్టు తావులలో మేలైనది నేలపట్టు. ఇది దొరవారిసత్రమునకు చేరువ నున్న చిన్న గ్రామము. ఈ ప్రాంతము పూర్వము నెల్లూరు జిల్లాలోనిది. 2022లో జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు తిరుపతి జిల్లాలో చేరినది. ఇచ్చటి చెరువును, దాని చుట్టునున్న అడవిని 1976లో పక్షుల రక్షితప్రదేశముగా ప్రకటించిరి. చెరువులో కడప చెట్లు గుంపులు గుంపులుగా పెరుగును. మొదళ్లు నెలలతరబడి నీట మునిగియున్నను ఆ చెట్లు చావవు. చుట్టును నీరుండుటచే పిల్లులు, నక్కలు చెట్ల దరికి రాజాలవు. కోటకు కందకమెట్టిదో ఈ గూళ్లకు చెరువట్టిది.

మేము కట్టపై నుండి చూచునప్పటికి చెట్ల తలలన్నియు తెల్లగా నుండెను. మా వారిలో నొకడు పూలనుకొనెను. పూలు గావు, పక్షులు! వానిలో ముఖ్యమైనది గూడబాతు. దాని పొడవైన ముక్కు క్రింద తోలుసంచి వంటి దొకటి వ్రేలాడుచుండును. గూడతో నీరు చేదినట్లు ఆ సంచితో నీటిని, చేపలను కలిపి ముంచును. పిదప తల వంచి సంచిని రొమ్మున కదిమి నీటిని పారబోసి, చేపలను మ్రింగును. ఇంటికి వచ్చిన పిమ్మట పిల్లలు తల్లి నోటిలోనికి తలదూర్చి, అది కక్కిన మేతను తినును. మొదటిసారి చూచినవారికి తల్లియే పిల్లను మ్రింగుచున్నదేమో యని భయము కలుగును. నత్తగుల్ల కొంగలు, తెల్లకంకణములు, నీటికాకులు కూడ ఆ చెట్లపైననే కాపురముండును. ఒకే చెట్టున పై కొమ్మ నొకజాతి, క్రింది కొమ్మ నొకజాతి! ఆ అరపులతో చెరువంతయు సంతవలె నుండెను.

ఇంత గోలను, ఇంత రెట్టను ఆ గ్రామస్థులు ఎట్లు సహించుచున్నారు? ఇందులో నొక మర్మము కలదు. పక్షుల రెట్ట చెరువునీట కలియును. రెట్టలో పైరులకు బలమిచ్చు నత్రజని, భాస్వరము మెండుగా నుండును. ఆ నీరు పారిన మడి బాగుగా పండునని నేలపట్టు రైతులు తరతరములుగా ఎరుగుదురు. అందుచే ప్రభుత్వము రక్షితప్రదేశముగా ప్రకటింపక పూర్వమే ఆ పక్షులకు వారే కాపరులైరి. దక్షిణ అమెరికాలోని పెరూ తీరమునగూడ ఇట్టి విషయమే కలదు. అచ్చటి దీవులలో సముద్రపక్షుల రెట్ట గుట్టలుగా పేరుకొనియుండగా, ప్రాచీనులైన ఇంకా ప్రభువులు దానిని ఎరువుగా వాడి, ఆ పక్షులకు రక్షణ కల్పించిరి. పందొమ్మిదవ శతాబ్దములో ఆ ఎరువు ఓడలకెక్కి ఐరోపా పొలములకు పోయెను. మన నేలపట్టు రైతు ఏ ఓడను ఎక్కింపలేదు. తన మడికి చాలినది గ్రహించి, పక్షిని దాని కొమ్మపై నుండనిచ్చెను.

మధ్యాహ్నమునకు సూళ్లూరుపేట చేరితిమి. కాళంగి నదీతీరమున నున్న చెంగాళమ్మ ఆలయమును దర్శించి, మరునాటి వేకువకే తూర్పుగా శ్రీహరికోట బాట పట్టితిమి. కొంతదూరము పొలములు, కొంతదూరము చౌడునేల; అటుపిమ్మట రెండు ప్రక్కల నేల మాయమయినది! ముందు సన్నని నల్లని బాట, ఎడమ నీరు, కుడి నీరు, పైన ఎఱ్ఱబారుచున్న ఆకాశము, క్రింద దాని నీడ. బస్సులో నెవ్వరును మాటాడలేదు. నలువదిమంది బాలురు ఒక్కసారిగా మౌనము వహించుట నా ఉద్యోగకాలమున నేనెరిగినంతలో అదియే మొదటిసారి.

నడుమ నడుమ కొంచెము మెరకగా నున్న దిబ్బలు కనబడెను. వీనిని ఆ ప్రాంతమువారు తిప్పలందురు. బాట నానుకొనియున్న అటకానితిప్ప గ్రామము పేరు అట్లు వచ్చినదే. అచ్చట దిగి నీటియంచునకు నడిచితిమి. మా బాలులలో నొకడు వంగి, దోసిలి పట్టి, ఆ నీటిని నోట పోసికొని, వెంటనే ఉమిసివేసెను. “అయ్యా! ఇంత నీరున్నది, ఒక్క చుక్కయు త్రాగ పనికిరాదు గదా!” అని వాడు పలికిన పలుకులో నిరాశ స్పష్టముగా వినబడెను. కరవుసీమ బిడ్డడు గావున ఆ నిరాశ సహజమైనది. ఆ నీరు మనకు పనికిరాదు గాని, ఎందరికో అదియే జీవనాధారము. ఎట్లో వినుడు.

పులికాటునకు తెలుగున ప్రళయకావేరి యను పేరు కలదు. దేశములోని ఉప్పునీటి కయ్యలలో ఒడిషాలోని చిలికా మొదటిది; ఇది రెండవది. దీనిలో ఎక్కువభాగము ఆంధ్రప్రదేశమునను, దక్షిణపు కొన తమిళనాడునను కలవు. ఆ దక్షిణపు కొన నున్న పులికాటు పట్టణమున 1613లో డచ్చి వర్తకులు గెల్డ్రియా యను కోటను కట్టించిరి. సరస్సునకును సముద్రమునకును నడుమ పొడవైన ఇసుకదిబ్బ యొకటి అడ్డుగోడవలె నున్నది. అదియే శ్రీహరికోట దీవి. పడమట నుండి కాళంగి, దక్షిణమున ఆరణి నదులు మంచినీటిని తెచ్చును. ఇసుకదిబ్బకు గల గండ్ల గుండ సముద్రపు ఉప్పునీరు లోనికి వచ్చును. ఈ రెండును కలియుటచే సరస్సునీరు సగము ఉప్పన. వానకాలమున ఉప్పదనము తగ్గును; ఎండకాలమున నీరావిరియై పోగా, ఒక్కొక్కచో సముద్రమును మించిన ఉప్పదన మేర్పడును. సరస్సు విశాలమైనదే గాని లోతైనది కాదు. సగటున ఒక మీటరు మాత్రమే.

ఈ లోతులేమియే దీని భాగ్యము. సూర్యరశ్మి అడుగు వరకు చొచ్చుటచే నాచు విరివిగా పెరుగును. నాచును తిని పురుగులు, సన్నని రొయ్యపిల్లలు పెరుగును. రొయ్యలు సముద్రమున గ్రుడ్లు పెట్టును. పిల్లలు గండ్ల గుండ సరస్సులోనికి వచ్చి, ఇచ్చటి ప్రశాంతమైన నీట పెరిగి, పెద్దవై మరల సముద్రమునకు పోవును. అనగా సరస్సు సముద్రమునకు ఉయ్యాలతొట్టి. ఈ చేపలు, రొయ్యలు, పీతలమీద ఆధారపడి వేలకొలది జాలరి కుటుంబములు బ్రతుకుచున్నవి. సరస్సులోని జాలరులలో ‘పాడు’ అను కట్టుబాటు కలదు. మంచి వేటతావులలో ఎవరు ఎప్పుడు వల వేయవలెనో వంతులు నిర్ణయించుకొందురు. బలవంతుడు ఎల్లకాలము మంచి తావును పట్టుకొనియుండుటకు వీలులేదు. నీటిగొళాయి వద్ద వరుసలో బిందెలు పెట్టు మన ఊరివారికి ఈ ధర్మము సులభముగా తెలియును.

ఎండ కొంచెమెక్కగానే దూరమున నీటిపై లేతగులాబి రంగు చార యొకటి కనబడెను. దుర్భిణితో చూడగా ఆ చార పక్షులగుంపయ్యెను. అవియే ఫ్లెమింగోలు. వీనిని మనవారు రాజహంసలనియు పిలుచుచున్నారు గాని నిజమునకివి హంసజాతివి గావు. నిలిచినప్పుడు ఎనిమిదవ తరగతి బాలుని భుజమంత ఎత్తుండును. కాళ్లు సన్ననివి, పొడవైనవి. మెడ అంతకంటె వింతయైనది.

ఫ్లెమింగో మేత మేయు తీరు చిత్రమైనది. అది తల క్రిందులుగా వంచి, ముక్కు పైభాగము క్రిందికి వచ్చునట్లు నీట ముంచును. నాలుక నీటిని లోనికి పీల్చి వెలుపలికి నెట్టుచుండును. ముక్కు అంచులనున్న సన్నని పలుచని రేకులు జల్లెడవలె నాచును, సన్నప్రాణులను పట్టి నిలుపును. ఆ మేతలోనున్న రంగుపదార్థము శరీరమున చేరుటచేతనే ఈకల కా గులాబివన్నె కలుగును. పుట్టినప్పుడు పిల్ల బూడిదరంగున నుండును. వన్నె రాను కొన్నియేండ్లు పట్టును. గంటలకొలది ఒంటికాలిపై నిలుచుట దానికి శ్రమగాదా యని మీరడుగవచ్చును. 2017లో అమెరికా శాస్త్రజ్ఞులు పరిశీలించి, ఒంటికాలిపై నిలిచినప్పుడు దాని కీళ్లు తమంతట తామే కుదురుకొనుటచే కండరముల కించుమించు శ్రమయే యుండదని కనుగొనిరి.

మన దేశమున ఫ్లెమింగోలు గుజరాతులోని కచ్ఛ ఉప్పునేలలలో బురదతో దిబ్బలు కట్టి, ఒక్కొక్క గ్రుడ్డు చొప్పున పెట్టి పిల్లలను పెంచును. పులికాటులో అవి గూళ్లు కట్టవు; చలికాలమున మేతకై వచ్చును. ఈ అతిథుల గౌరవార్థము సూళ్లూరుపేటలో 2001 నుండి పక్షుల పండుగ యొకటి జరుపుచున్నారు. దూరప్రాంతముల బడిపిల్లలు కూడ వచ్చుచుందురు. భీములవారిపాళెము నుండి పడవలలో సరస్సుపై విహరించుటయు కలదు.

మేము చూచుచుండగనే మా బాలులలో నొకడు, అవి ఎగిరిన నెట్లుండునో చూడవలెనను ఉబలాటముతో, నీటిలోనికి పరుగెత్తి చప్పట్లు చరచి కేక వేసెను. గుంపంతయు ఒక్కసారిగా నీటిపై పరుగుదీసి లేచెను. రెక్కల క్రింద దాగిన ఎఱుపును, నలుపును విచ్చుకొని ఆకాశము నిప్పుపూలు పూచినట్లయ్యెను. బాలురందరు ఆనందముతో కేరింతలు కొట్టిరి. నిజము చెప్పవలెనన్నచో నేనును మైమరచితిని.

ప్రక్కనే వల చిక్కు తీయుచున్న ముదుసలి జాలరి మా వంక చూచి, మెల్లగా నిట్లనెను: “అయ్యవారూ! పిల్లలు ఆశపడినారు, తప్పుగాదు. కాని ఈ దినము ఈ బాటను ఎన్ని బండ్లు వచ్చునో, ఒక్కొక్క బండివారు ఒక్కొక్కసారి లేపినచో అవి మేత మేయు టెప్పుడు?”

ఆ మాటకు నేను సిగ్గుపడితిని. బాలురకు పాఠము చెప్పవలసిన నాకే ఆ పెద్ద పాఠము చెప్పెను. చప్పట్లు కొట్టిన బాలుడు తల వంచుకొనెను. వానిని మందలింపక, అందరను ఇసుకపై కూర్చుండబెట్టి, జాలరి మాటలోని లెక్కను విప్పి చెప్పితిని.

ఫ్లెమింగో తినునది మిక్కిలి సన్నని మేత. కడుపు నింపుకొనుటకు దినములో చాలభాగము అది ముక్కు నీట ముంచియే యుండవలెను. ఒకసారి బెదరి లేచినచో ఎగురుటకు ఖర్చుపడు బలమొకటి, మేయని కాలమొకటి, రెండును నష్టమే. మరల వందల కిలోమీటర్లు పోవలసిన పక్షికి అది చిన్న నష్టము గాదు. గూటిపై నున్న పక్షిని బెదరించుట ఇంకను క్రూరమైన పని. తల్లి లేచిన క్షణమున కాకులు గ్రుడ్ల నెత్తుకొనిపోవును. ఈకలు రాని పిల్లలు ఎండకు వాడిపోవును. మనము ఒక్క నిముసము చూచి ఆనందించుటకు అవి ఒక సంతానమును కోల్పోవలసి వచ్చును.

కావున ఇట్టి బాటలలో ప్రయాణము చేయువారు కొన్ని నియమములు పాటింపవలెను. వేకువనగాని, ప్రొద్దు వాలిన పిదపగాని పోవుట మంచిది. పక్షులు మేయు వేళ అదియే. బండిని బాట యోరన నిలిపి, కూత వేయక, ఇంజను నాపవలెను. ఆకు, మట్టి రంగుల దుస్తులు ధరింపవలెను. దగ్గరకు పోవుటకు బదులు దుర్భిణితో చూడవలెను. పక్షి మేత మాని తలయెత్తి మనవైపు చూచినచో, అదియే మనము ఆగవలసిన హద్దని గ్రహింపవలెను. ప్లాస్టిక్ సంచులను, సీసాలను మన వెంటనే తిరిగి తెచ్చుకొనవలెను. రాళ్లు విసరుట యెట్టివారికిని తగదు.

ఇంతవరకు బాట సౌందర్యమును చెప్పితిని. దాని వలన కలిగిన కష్టమునుగూడ చెప్పుట నా విధి. ఈ బాట ఊరకే వెలయలేదు. 1969లో రాకెట్ల ప్రయోగమునకై శ్రీహరికోట దీవిని ఎన్నుకొనిరి. తూర్పున సముద్రముండుటయు, భూమధ్యరేఖకు దూరము కాకుండుటయు ఇందులకు కారణములు. అచ్చట నుండి 1971 అక్టోబరు 9న చిన్న రాకెట్టును మొదటిసారి ప్రయోగించిరి. 1980 జూలై 18న ఎస్.ఎల్.వి.-3 రోహిణి ఉపగ్రహమును కక్ష్యలో నిలిపెను. 2023 జూలై 14న చంద్రయాన్-3 బయలుదేరినదియు అచ్చటి నుండియే. 2002 నుండి ఆ కేంద్రము సతీష్ ధావన్ పేరుతో వెలయుచున్నది. దీవిని తీరముతో కలుపుటకు సరస్సు నడుమ మట్టికట్ట పోసి బాట వేయవలసి వచ్చెను. దేశమునకు ఎనలేని కీర్తి తెచ్చిన బాట యిది. అయినను, అదే కట్ట సరస్సును రెండు ముక్కలు చేసినది. తూముల గుండ నీరు పారుచున్నను, పూర్వపు స్వేచ్ఛ లేదు. ఎండకాలమున ఉత్తరభాగము త్వరగా ఎండి, బీటలువారిన మైదానమగును.

దీనికి తోడు నదులు తెచ్చు ఒండ్రు సరస్సును పూడ్చుచున్నది. సముద్రపు అలలు ఇసుకను త్రోసి రాయదొరువు, తూపిలిపాళెము వంటి ముఖద్వారములను మూసివేయుచుండును. ముఖద్వారము మూసికొన్నచో రొయ్యపిల్ల లోనికి రాదు. రొయ్యపిల్ల రానిచో జాలరి వల నిండదు. నాచు, పురుగులు నశించినచో ఫ్లెమింగో దిగదు. అన్నియు ఒకే గొలుసులోని కడియములు. అయితే మార్గము లేకపోలేదు. చిలికా సరస్సునకును ఇట్టి రోగమే పట్టగా, 2000వ సంవత్సరమున సముద్రమునకు క్రొత్త ముఖద్వారమును త్రవ్విరి. కొద్ది సంవత్సరములలోనే చేపలపంట మరల పెరిగినది. మనుష్యుడు చెరిపిన దానిని మనుష్యుడే శ్రద్ధతో బాగుచేయగలడనుటకు అది నిదర్శనము.

తిరుగు ప్రయాణమున, దోసిలితో నీరు త్రాగబోయిన ఆ బాలుడు నా ప్రక్కన కూర్చుండి, “అయ్యా! మన సీమలో ఇట్టివి లేవు గదా!” అనెను. లేవనుకొనుట మన అజ్ఞానము. హిందూపురమునకు చేరువ, చిలమత్తూరు మండలమున వీరాపురమను పల్లె కలదు. అది పూర్వము అనంతపురము జిల్లాలోనిది. నేడు శ్రీసత్యసాయి జిల్లాలోనిది. ఏటేటా చలికాలపు చివర రంగురెక్కల కొంగలు వందలుగా ఆ పల్లెకు వచ్చి, ఇండ్ల నడుమనున్న చింతచెట్లపై గూళ్లు కట్టును. అచ్చట చుట్టును నీటికందకము లేదు. ఆ గూళ్లకు కావలి పల్లెవారి మనస్సు మాత్రమే. పిల్లలు క్రిందపడినచో ఎత్తి సాకుదురు, చెట్లను నరుకరు. అవి వచ్చిన యేడు వానలు బాగుగా నుండునని వారి నమ్మకము. చెరువులెండిన యేడు మాత్రము ఆ కొంగలు తగ్గిపోవును. పల్లెవారు తమ యింటివారు రానట్లు చింతింతురు.

మన సీమ మైదానములలో కృష్ణజింకల గుంపులు నేటికిని చేల నడుమ కనబడుచున్నవి. కాని అన్ని కథలును సుఖాంతములు గావు. కర్నూలు సీమలోని రోళ్లపాడున 1988లో బట్టమేకపిట్టకై రక్షితప్రదేశ మేర్పడినది. ఒకప్పుడు గడ్డిమైదానముల కలంకారమైన ఆ పెద్దపక్షి నేడు కనబడుటయే అరుదైపోయినది. కేవలము హద్దులు గీసి పేరు పెట్టినంతమాత్రమున పక్షి నిలువదు. దాని కవసరమైన గడ్డినేలయు, ఇరుగుపొరుగువారి ఆదరమును ఉండవలెను. నేలపట్టునను, వీరాపురమునను పక్షులు నిలిచినవన్నచో దానికి ఆ ఊళ్లవారి ఆదరమే ముఖ్యకారణము.

బాలలారా! ప్రకృతిని చూడబోవువాడు అతిథి. అతిథి ఇంటివారి నిద్ర చెడగొట్టరాదు; వారి విస్తరిని తన్నరాదు. పులికాటున పక్షులును, జాలరులును ఇంటివారు; మనము చూడవచ్చినవారము. ఒకనాడు మీరును ఆ బాటన పోవుదురు. అప్పుడు ఆ గులాబి చార దూరమున కనబడగానే చప్పట్లు కొట్టుటకు చేతులు లేచును. వానిని కట్టుకొని నిలువుడు. పక్షి మిమ్ము గమనింపకుండ, తన మేత తాను మేయుచుండగా చూడగలిగినచో, అంతకంటె మంచి దృశ్యము వేరొకటి లేదు.

తెల్లవారుచుండగా రైలు గుత్తి దాటెను. కిటికీ వెలుపల మరల ఎఱ్ఱనేల, రాతిగుట్టలు, ఎండిన చెరువొకటి కనబడెను. చప్పట్లు కొట్టిన ఆ బాలుడు లేచి, ఆ చెరువు నడుమ మిగిలిన చిన్న నీటిమడుగును చూపెను. దానియంచున ఒంటరి కొంగ యొకటి నిలిచియుండెను. ప్రక్కవాడు కేక వేయబోగా, వాడు చటుక్కున వాని నోటికి చేయి యడ్డము పెట్టి, “ఉండుము, మేయుచున్నది” అనెను. ఆ ప్రయాణమునకైన వ్యయమంతయు సార్థకమైనదని నాకు తోచెను.